చూస్తూ కూర్చున్నవాళ్ళ మాటేమిటి?

"మనకెందుకండీ!"

తెలుగువాళ్ళం ఎన్ని జిల్లాలుగా చీలినా, ఎన్ని రాష్ట్రాలుగా విడిపోయినా ఈ ఒక్క మాట దగ్గర మాత్రం అందరం ఒక్కటే. పక్కింట్లో కోడలుపిల్ల ఏడుపు వినిపిస్తోందా? మనకెందుకండీ. కుళాయి దగ్గర బలమున్నావిడ బలంలేనిదాని బిందె పక్కకి నెట్టేసిందా? మనకెందుకండీ. నేలమీద ఇంత శ్రద్ధగా నేర్చుకున్న ఈ చదువుని ఇప్పుడు ఆకాశంలోకి కూడా మోసుకెళ్ళాం. విమానంలో మన కళ్ళముందే ఒక మనిషిని పురుగుని చూసినట్టు చూస్తున్నా సరే, నడుముకి బిగించుకున్నట్టే నోటికీ ఓ బెల్టు బిగించుకుని, కిటికీలోంచి మబ్బులు లెక్కపెడుతూ కూర్చుంటాం. అందుకని ఈసారి నా తగువు విమానాలవాళ్ళతో కొంత, మనతో చాలా.

ముందు విమానాలవాళ్ళ సంగతి చూద్దాం.

2022 సెప్టెంబరు 16న విజయవాడ నుంచి హైదరాబాదు వస్తున్న ఇండిగో విమానంలో ఒక స్త్రీ తనకిచ్చిన 2ఎ సీట్లో కూర్చుంది. అది ప్రమాదం వస్తే బయటపడే తలుపు దగ్గరి వరస. ఆవిడకి తెలుగు తప్ప ఇంగ్లీషు, హిందీ అర్థం కావని తేలింది. ఇంకేముంది, ఆవిడని అక్కణ్ణించి లేపి 3సి సీట్లో కూర్చోబెట్టారు. అదేమంటే భద్రత అన్నారు. ఎక్కింది తెలుగు ఊళ్ళో, దిగేది తెలుగు ఊళ్ళో, మధ్యలో దాటే పొలాలూ చెరువులూ కూడా తెలుగువాళ్ళవే. ఆ గంటసేపు మాత్రం తెలుగు పనికిరాని భాష అయిపోయింది!

ఈ సంగతి లోకానికి తెలిసింది ఆ స్త్రీ నోటినుంచి కాదు. అదే విమానంలో ప్రయాణం చేస్తున్న మరో స్త్రీ, అహ్మదాబాద్ ఐ.ఐ.ఎమ్.లో పాఠాలు చెప్పే ప్రొఫెసరు, చూసి ఊరుకోలేక ట్విట్టర్లో రాసింది. ఆంధ్రప్రదేశ్ నుంచి తెలంగాణకి వెళ్ళే విమానంలో తెలుగులో ఒక్క సూచన కూడా లేకపోవడమేమిటని అడిగింది. ఇది వివక్ష అంది. రెండు రోజులు తిరక్కుండా అప్పటి తెలంగాణ ఐ.టి. మంత్రి కె. తారకరామారావుగారు అందుకున్నారు. స్థానిక భాషలని గౌరవించండి, ఏ దారిలో నడిపే విమానంలో ఆ దారి భాష వచ్చినవాళ్ళని పెట్టుకోండి అని కంపెనీకి చెప్పారు. పత్రికలు రాశాయి. నాలుగు రోజులు చర్చ నడిచింది.

"అదేం వాదనండీ! ఆ తలుపు దగ్గర కూర్చున్నవాళ్ళకి చెప్పింది అర్థం కావొద్దూ? రేపు ప్రమాదం జరిగితే?" అంటారు కొందరు. న్యాయమైన మాటే. ఆ నియమం ఇండిగో ఇంట్లో పుట్టింది కాదు. అమెరికా చట్టంలో కూడా ఆ వరసలో కూర్చునేవాళ్ళకి సిబ్బంది ఇచ్చే ఆదేశాలు అర్థం కావాలని స్పష్టంగా ఉంది. నియమంతో నాకు పేచీ లేదు. కానీ నియమాన్ని చివరిదాకా చదువుదాం రండి. అర్థం చేసుకోవడమనే పనిలో చెప్పేవాళ్ళొకరు, వినేవాళ్ళొకరు ఉంటారు కదా! వినేదానికి ఇంగ్లీషు రాకపోవడం లోపమైతే, చెప్పేదానికి తెలుగు రాకపోవడం లోపం కాకుండా ఎలా పోతుంది? పోనీ ఆవిడని వెనక వరసకి మార్చారు. ప్రమాదమే వస్తే వెనక వరసలో ఉన్నవాళ్ళకి బెల్టు విప్పుకోవడం, తల వంచుకోవడం, ఏ తలుపు వైపు పరుగెత్తాలో తెలియడం అక్కర్లేదా? భాష ప్రాణాలు కాపాడేదే అయితే మొదట చెయ్యాల్సిన పని ఆవిడని లేపడం కాదు, ఆ సూచనలు తెలుగులో చెప్పడం. అది చెయ్యకుండా భద్రత పేరెత్తితే, వంటింట్లో గ్యాసు కారుతుంటే వాసన పట్టలేని అత్తగారిని వీధి వసారాలో కూర్చోబెట్టి, గ్యాసు అలాగే వదిలేసినట్టుంటుంది.

సరే, విమానాలవాళ్ళ వాటా అదీ. ఇక మన వాటా.

ఆ విమానంలో ఆ ఇద్దరు ఆడవాళ్ళే లేరు కదా. మిగిలినవాళ్ళలో తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ళు ఒక్కరైనా ఉండరా? "అమ్మాయ్, నువ్వు చెప్పేది ఇంగ్లీషులో నాకు చెప్పు, నేను తెలుగులో ఆవిడకి చెబుతాను" అంటే సరిపోయే వ్యవహారం. ఆ ముక్క ఎవరైనా అన్నారేమో నాకు తెలియదు గానీ, సీటు మాత్రం మారింది. సాధారణంగా మనం అనం. ఎందుకు అనమో ఎప్పుడైనా ఆలోచించారా?

భూపాలపల్లిలో ఆ మధ్య ఒక సభ తర్వాత నలుగురం కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటే ఈ ప్రస్తావనే వచ్చింది. భర్త సింగరేణిలో పనిచేసి రిటైరయిన ఒక పెద్దావిడ అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి పోయినప్పటి సంగతి చెప్పింది. సామాను తూచే వరసలో ఆవిడకి ముందు ఒక ముసలి జంట ఉన్నారట. సూట్‌కేసు కొంచెం బరువెక్కువయింది. అది నేరం కాదు, తీసెయ్యమని చెప్పచ్చు. కానీ అందరి మధ్యా నేలమీద విప్పించారు. ముసలావిడ ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతోంది: చీరలు, మనవడి లాల్చీలు, కారప్పొడి పొట్లాలు, గుడ్డతో గట్టిగా మూతికట్టిన పచ్చడి సీసా. కౌంటరు దగ్గర ఇద్దరు ఇంగ్లీషులో ఏదో అనుకుని నవ్వుకున్నారు. ముసలాయన ఎవరివైపు తిరిగితే వాళ్ళకి దణ్ణం పెడుతున్నాడు.

"ఆయన ఎవరో నాకెర్కలేదు బిడ్డా," అంది ఆవిడ. "గని మా బాపు తీర్గనే అనిపిచ్చిండు. దగ్గరికి పోయి ఆ సీరెలన్న మడత పెడ్దమని ఒక అడుగు ఏశిన. మా ఆయన చెయ్యి పట్టి గుంజిండు, మనకెందుకే అని. అమెరికా దాక నాకు బుక్క దిగలేదు."

కాసేపాగి ఆవిడే మళ్ళీ అంది. "ఇంకో మాట చెప్త, ఎవ్వలతోటి అనకు. ఆళ్ళ సామాను ఇప్పుతున్నంత సేపు మనది ఇప్పుతలేరు గదా అని లోపల ఒక మూల సంబురపడ్డ. ఆళ్ళు నవ్వింది కాదు, గదే నన్ను ఇప్పటికి తింటున్నది."

ఆవిడ పేరు నేను రాయడం లేదు కనక ఆ మాట మీకు చెప్పేసినా తప్పులేదనుకుంటాను. ఎందుకంటే ఇది ఆవిడొక్కర్తి సంగతి కాదు. అవమానం జరిగేచోట ముగ్గురుంటారు: చేసేవాళ్ళు, పడేవాళ్ళు, చూసేవాళ్ళు. మొదటి ఇద్దరి గురించి బోలెడంత రాస్తారు, కోర్టులకెక్కుతారు. మూడోవాళ్ళ లెక్క ఎవరూ రాసుకోరు. కోపం వస్తుంది, ఆ వెంటనే భయం వస్తుంది, "నా వంతు కాదులే" అని కాస్త నిబ్బరం కలుగుతుంది. ఆ నిబ్బరానికి సిగ్గు వేస్తుంది. ఇంటికొచ్చాక ఆ సిగ్గు ఏ రాత్రో నిద్రలోంచి లేపి కూర్చోబెడుతుంది. అవమానపడ్డవాళ్ళు ఎవరితోనైనా చెప్పుకుని ఏడుస్తారు. చూసినవాళ్ళు ఏమని చెప్పుకుంటారు? "నేను చూస్తూ కూర్చున్నాను" అనా?

మన నోరు ఎందుకు పెగలదో కనిపెట్టినవాళ్ళున్నారు. 1968లో అమెరికాలో లాటనే, డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పరీక్ష పెట్టారు. కాలేజీ కుర్రాణ్ణి గదిలో కూర్చోబెట్టి కాగితాలు నింపమన్నారు. గోడలోంచి పొగ రావడం మొదలుపెట్టింది. ఒంటరిగా ఉన్నప్పుడు నూటికి 75 మంది లేచి వెళ్ళి ఎవరికో చెప్పారు. పక్కన మరో ఇద్దరు, శాస్త్రవేత్తలు నేర్పి పెట్టినవాళ్ళు, పొగని పట్టించుకోకుండా కూర్చుని ఉంటే? నూటికి పదిమందే లేచారు! మిగిలినవాళ్ళు దగ్గుతూ, పొగ విసురుకుంటూ, కాగితాలు నింపుతూనే కూర్చున్నారట. పొగ కంటికి కనిపిస్తూనే ఉంది. కానీ పక్కవాడు కదలడం లేదు కనక అది పొగ కాదేమో!

విమానంలో జరిగేదీ ఇదే. నూట ఎనభైమంది కూర్చుంటారు. ఒక్కొక్కరూ పక్కవారి మొహం చూస్తారు. పక్కవారు కిమ్మనరు. వాళ్ళు కిమ్మనకపోవడానికి కారణం మనం కిమ్మనకపోవడమే అని మనకి తట్టదు.

మన దగ్గర దీనికి తోడు ఇంకో కారణముంది. అదే ఎర్రబస్సు! "ఎర్రబస్సెక్కి వచ్చావా?" అనడం మన ఊళ్ళలో ఎంత పెద్ద తిట్టో చెప్పక్కర్లేదు. జనగామలో ఒక టీచరుగారు చెప్పింది, తల్లిని మొదటిసారి విమానం ఎక్కించేముందు కాగితం మీద నాలుగు ఇంగ్లీషు ముక్కలు తెలుగు అక్షరాల్లో రాసి బట్టీ పట్టించిందట: వాటర్ ప్లీజ్, వెజ్ ప్లీజ్, సారీ, థాంక్యూ. ఆ పెద్దావిడ రాత్రంతా పరీక్షకి పోయే పిల్లలా వల్లించుకుందట. విని అందరం నవ్వాం. తర్వాత ఆ జాబితా ఒకసారి మనసులో చదువుకున్నాను. అడుక్కోవడానికి రెండు మాటలున్నాయి, క్షమాపణకి ఒకటుంది, కృతజ్ఞతకి ఒకటుంది. "ఎందుకు?" అని అడగడానికి ఒక్కటీ లేదు. విమానం ఎక్కడమంటే పెద్దవాళ్ళింటికి పేరంటానికి వెళ్ళినట్టు, వాళ్ళేం చేసినా తల ఊపి రావాలనే కదా మనం మన అమ్మలకి నేర్పుతున్నది! టిక్కెట్టుకి వేలకి వేలు పోసింది మనమే అన్న సంగతి గడప దాటగానే మర్చిపోతాం. పక్కావిడ తరఫున నోరెత్తితే మన ఎర్రబస్సు ఎక్కడ బయటపడుతుందోనని బెదురు. అందుకే పక్కావిడ బస్సు బయటపడుతుంటే మనం మాత్రం రెక్కలతో పుట్టినట్టు కూర్చుంటాం.

అందరూ అలాగే కూర్చుంటారా అంటే, లేదు. నోరెత్తినచోట ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి.

2017 ఏప్రిల్ 9న షికాగోలో యునైటెడ్ విమానంలో నలుగురు ఉద్యోగులకి సీట్లు కావలసి వచ్చాయి. అప్పటికే కూర్చుని ఉన్న ప్రయాణికుల్లో నలుగురిని దిగమన్నారు. డేవిడ్ డావ్ అనే 69 ఏళ్ళ డాక్టరు, రోగులున్నారు, దిగనన్నాడు. భద్రతా సిబ్బంది ఆయన్ని సీట్లోంచి పెరికి, సీట్ల మధ్య దారిలో ఈడ్చుకుపోయారు. ముక్కు విరిగింది, ముందు పళ్ళు రెండు ఊడాయి. తోటి ప్రయాణికులు ఆ ఘోరాన్ని ఫోనుల్లో పట్టారు. ఒకావిడ ఆయన్నేం చేశారో చూడండని అరవడం ఆ వీడియోలో వినిపిస్తుంది. ప్రపంచమంతా ఛీకొట్టింది. కంపెనీ ఆయనతో రాజీపడి పరిహారం ఇచ్చుకుంది, నియమాలు మార్చుకుంది. వీటన్నిటికంటే నాకు ముఖ్యంగా తోచింది ఇంకొకటి. ఆ విమానంలో ఉన్న మిగతా ప్రయాణికులందరికీ టిక్కెట్టు డబ్బు ఇస్తామంది. చూసినవాళ్ళకి! ఎవరి ఒంటిమీదా చెయ్యి పడలేదు, ఎవరి సీటూ పోలేదు. అయినా చూసిన పాపానికి వాళ్ళూ నష్టపోయారని, ఎంత వ్యాపారబుద్ధితోనైనా, ఒక కంపెనీయే లెక్క కట్టుకుంది. ఆ లెక్కే మన భూపాలపల్లి ఆవిడకి బుక్క దిగకుండా చేసింది. ఆవిడకి ఎవరిచ్చారు పరిహారం?

అంత దూరమెందుకు, హైదరాబాదు రావలసిన విమానం సంగతే చూడండి. 2022 మే 7న రాంచీ విమానాశ్రయంలో ఒక ప్రత్యేక అవసరాలున్న పిల్లాడు బెదిరిపోయి ఉన్నాడని, మిగతా ప్రయాణికులకి ప్రమాదమని ఇండిగో సిబ్బంది విమానం ఎక్కనివ్వలేదు. మిగతా ప్రయాణికులకి ప్రమాదమా? అక్కడున్న ఆ మిగతా ప్రయాణికులే మాకేం ప్రమాదం లేదు, ఎక్కించండి అన్నారు. ప్రయాణికుల్లో ఉన్న డాక్టర్లు పిల్లాడికి మేం తోడుంటామన్నారు. అయినా ఎక్కించలేదు. చూసినవాళ్ళలో ఒక స్త్రీ ఇంటికి పోయి మనకెందుకని పడుకోలేదు. జరిగింది జరిగినట్టు ఫేస్‌బుక్‌లో రాసింది. పౌరవిమానయాన మంత్రి దాకా పోయింది. మూడు వారాల్లో, మే 28న, డి.జి.సి.ఏ. ఇండిగోకి 5 లక్షల జరిమానా వేసింది. వికలాంగులని ఆ కారణంగా విమానం ఎక్కనివ్వకపోవడం కుదరదనీ, ఆరోగ్యం మీద అనుమానముంటే డాక్టరుకి చూపించి అభిప్రాయం తీసుకోవాలనీ ఆ ఏడే నియమం బిగించారు. చూసినామె రాసిన నాలుగు పేరాలు దేశంలోని పిల్లలందరికీ నియమమయ్యాయి!

"అంతా ఎయిర్ హోస్టెస్‌ల మీదే పడతావేం? పాపం వాళ్ళూ ఆడపిల్లలే, రోజూ ఎంతమంది వెధవలని భరిస్తున్నారో" అని మీలో ఎవరో అనుకుంటున్నారు. ఒప్పుకుంటాను. తాగి తూలేవాణ్ణీ, చెయ్యి తగిలించేవాణ్ణీ చిరునవ్వుతో భరించడం వాళ్ళ ఉద్యోగంలో భాగమైపోయింది. అక్కడ కూడా మనం నోరు మూసుకుంటున్నామనే నేననేది. 2022 నవంబరు 26న న్యూయార్కు నుంచి ఢిల్లీ వస్తున్న ఎయిరిండియా విమానంలో, తాగి ఉన్న తోటి ప్రయాణికుడు తనమీద మూత్రం పోశాడని ఒక పెద్దావిడ ఫిర్యాదు చేసింది. అంత ఖరీదైన తరగతిలో! ఆ ప్రయాణికుల్లో ఒక డాక్టరు ఆవిడ పక్షాన నిలిచి, సిబ్బంది ఆవిడ పట్ల సరిగా నడుచుకోలేదని తనుగా కంపెనీకి రాసిచ్చాడు. 2023 జనవరిలో డి.జి.సి.ఏ. ఎయిరిండియాకి 30 లక్షల జరిమానా వేసింది. కంపెనీ తప్పుచేసినా, తోటివాడు తప్పుచేసినా పడ్డవాళ్ళ మాటకి చూసినవాళ్ళ మాట తోడైతేనే బరువు వస్తుంది.

మనకసలు నోరే లేదనుకుందామా? నిక్షేపంగా ఉంది! 2025 డిసెంబరు మొదటివారంలో, పైలట్ల విశ్రాంతి నియమాలు మారాక సిబ్బంది చాలక, ఇండిగో విమానాలు కుప్పలుగా రద్దయ్యాయి. డిసెంబరు 5న ఒక్కరోజే వెయ్యికి పైగా! అప్పుడు విమానాశ్రయాల్లో మన గొంతులు ఎంత లేచాయో టీవీల్లో చూశాం. న్యాయమే, పెళ్ళిళ్ళు ఆగాయి, పరీక్షలు తప్పాయి. నేనడిగేదల్లా ఒకటే. మన టిక్కెట్టు చిరిగితే అంత లేచే గొంతు, పక్కావిడ గౌరవం చిరిగితే ఎందుకు లేవదు?

ఎందుకంటే అలవాటు లేదు. ఆ అలవాటు ఆకాశంలో ఒక్కసారిగా రాదు. నేలమీద, మన బస్సులోనే మొదలుపెట్టాలి.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. ఆ డబ్బు ప్రభుత్వం కడుతోంది. ఉత్తినే తిరుగుతున్నట్టు ఆడవాళ్ళని ఎన్ని మాటలంటున్నారో ఆ బస్సులెక్కేవాళ్ళకి తెలుసు. మహబూబాబాదు వైపు వెళ్ళే బస్సులో ఒకసారి, తండా దగ్గర కూరగాయల గంపతో ఎక్కిన ఒక లంబాడీ ముసలావిడని చూసి ఓ పెద్దమనిషి, తెల్లచొక్కా నలగకుండా కూర్చున్నవాడు, "పైస ఖర్చు లేకపాయె, పని లేకున్నా బస్సుల్లనే ఉంటున్నరు" అన్నాడు. ఆవిడ తన భాషలో ఏదో జవాబు చెప్పింది. "తెలుగు రాదా?" అన్నాడు. బస్సు గొల్లుమంది.

విన్నారా? విజయవాడ విమానంలో "ఇంగ్లీషు రాదా?" అన్నారని మనం మండిపడ్డాం. మహబూబాబాదు బస్సులో "తెలుగు రాదా?" అని మనమే నవ్వుతున్నాం. లంబాడీ భాష మాట్లాడే తండాలు అన్ని ఉన్న జిల్లాలో! మెట్టు మారింది, అంతే. మనకంటే పై మెట్టు మీదివాళ్ళు మనని చూసినట్టే మన కింది మెట్టు మీదివాళ్ళని మనం చూస్తున్నాం. ఆ రోజు బస్సులో నవ్వనిది ఒక్కత్తే, పుస్తకాల సంచీ ఒళ్ళో పెట్టుకున్న ఇంటర్ పిల్ల. లేచి ఆ ముసలావిడని తన సీట్లో కూర్చోబెట్టి, "తాతా, ఆమె అమ్మపోతున్న కూరగాయలే పొద్దున మీ ఇంట్ల వండుతరు" అంది. అంతే. కేకల్లేవు, ఉపన్యాసం లేదు. నవ్వినవాళ్ళంతా బయటికి చూడ్డం మొదలుపెట్టారు. ఆ పిల్ల రేపు విమానమెక్కినా అలాగే లేచి నిలబడుతుందని నాకు నమ్మకం.

అసలు ఈ గడ్డకి ఈ పాఠం కొత్తదా? జనగామ జిల్లా పాలకుర్తిలో ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట సోమనాథుడు, పండితులకి మాత్రమే అర్థమయ్యే భాష కాదు, జానుతెనుగు కావాలి, అది అందరికీ తెలుస్తుంది అన్నాడు. అందరికీ తెలిసే భాషలో చెప్పండయ్యా అని విమానాలవాళ్ళని అడగడానికి ఆయనకంటే పెద్ద సిఫార్సు ఎవరు కావాలి? అదే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖు మనుషులు తన పంట ఎత్తుకుపోకుండా ఎదురు నిలిచింది. ఐలమ్మ ధైర్యం గురించి అందరం చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. కానీ ఆ పంట ఇంటికి చేరిందంటే సంఘంవాళ్ళు ఆవిడ పక్కన నిలబడ్డారు కనక. చూసినవాళ్ళు "మనకెందుకు" అనుకుని ఉంటే ఐలమ్మ పొలంలో ఒంటరిగా మిగిలేది. బాంచెన్ అనడం మానేసిన ఊళ్ళు ఇవి. ఇప్పుడు టై కట్టుకున్నవాళ్ళముందు ఆ మాట ఇంగ్లీషులో అంటున్నాం, సారీ, థాంక్యూ అని!

ఇదంతా ఇప్పుడెందుకంటారా? మన దొడ్లోకే విమానం రాబోతోంది కనక. నిజాం కాలంలో కట్టి, దశాబ్దాలపాటు మూతబడి ఉన్న వరంగల్లు మామునూరు విమానాశ్రయాన్ని మళ్ళీ తెరవడానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. అది తెరిచిన రోజున ఎక్కేదెవరు? జనగామ వాళ్ళూ, మహబూబాబాదు వాళ్ళూ, ఈనాటికీ రైలు కూత వినని భూపాలపల్లి వాళ్ళూ. విమానాన్ని గాలిమోటారు అని పిలిచే అమ్మమ్మలు, కొడుకుల్నీ కూతుళ్ళనీ చూడ్డానికి పచ్చడి సీసాలతో బయల్దేరతారు. వాళ్ళకి తెలుగే వస్తుంది, కొందరికి లంబాడీయే వస్తుంది. రన్‌వే ఎంత పొడుగుండాలో ఇంజనీర్లు చూసుకుంటారు. అక్కడ ఏ భాషలో పలకరించాలో మాత్రం ఇప్పట్నించే మనం అడగాలి. మహిళా మండళ్ళున్నాయి, పొదుపు సంఘాలున్నాయి, ఎం.పి.లకి రాసే చేతులున్నాయి. తెలుగులో సూచనలు, తెలుగు వచ్చిన మనిషి కౌంటరులో ఒక్కరైనా... ఇదేం గొంతెమ్మ కోరిక కాదు.

చట్టం కూడా మనవైపే ఉంది. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం, కంపెనీ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా, గుర్‌గావ్‌లో ఉన్నా, మనం నివసించే చోటికి సంబంధించిన జిల్లా కమిషన్‌లోనే కేసు వెయ్యచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు. జీజా ఘోష్ అనే ఆవిడని, సెరిబ్రల్ పాల్సీ ఉందని, 2012లో కలకత్తాలో స్పైస్‌జెట్ విమానంలోంచి దించేస్తే ఆవిడ సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 2016లో కోర్టు 10 లక్షలు ఇమ్మంది. అయితే కేసులకి సాక్షి కావాలి. పడ్డవాళ్ళకి ఆ గాభరాలో విమానం నంబరు కూడా గుర్తుండదు. చూసినవాళ్ళకి ఉంటుంది. టైము, సీటు నంబరు, ఎవరేమన్నారు, ఇవి చీటీ మీద రాసి, కింద మన పేరూ ఫోను నంబరూ వేసి, ఆ మనిషి చేతిలో పెట్టడానికి ధైర్యం కూడా అక్కర్లేదు, పెన్ను చాలు.

అందుకని నాదొక మనవి. ఈసారి విమానమెక్కే అమ్మకిగానీ అత్తగారికిగానీ ఇంగ్లీషు ముక్కలు రాసిచ్చేటప్పుడు, ఆ నాలుగింటి కిందా ఐదోది తెలుగులోనే రాసివ్వండి: "ఎందుకమ్మా, ఆవిణ్ణెందుకు లేపుతున్నారు?"

అర్థం కాకపోతే వాళ్ళే తెలుగు వచ్చినవాళ్ళని వెతుక్కుంటారు.